బాపు ఒప్పుకున్న తప్పు

సుల్తానాబాద్,
ఆగస్టు 19, 1961.

అక్కా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టి చింపేశాను. మళ్లీ రాసి మళ్లీ చింపేశాను. అందరూ బాగానే ఉన్నారు, నేనే బాగా లేను. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టేయి. బావకు తప్ప ఇంకెవరికీ చూపించకు.

నేను ఇంటికి వచ్చి వారం దాటింది. సెలవులని బాపుతో, అవ్వతో చెప్పాను. సెలవులు లేవు. నన్నూ, ఇంకో ముగ్గురినీ హాస్టల్ నుంచి పంపేశారు. విచారణ అయ్యేదాకా యూనివర్సిటీ గేటు తొక్కకూడదట.

మెస్సు అన్నంలో పురుగులు వస్తున్నాయని చాలా రోజులుగా గొడవ. ఆ రోజు మధ్యాహ్నం కంచాలు ఎక్కడివక్కడ వదిలేసి అందరం వార్డెన్ ఇంటి ముందుకు పోయాం. ఆయన తలుపు తీయలేదు. అరుపులు, కేకలు. ఎవరో రాళ్లు వేయడం మొదలుపెట్టారు. కిటికీ అద్దాలు పగిలాయి. అదే సమయానికి మా వంటమనిషి బాబు మియా లోపల వార్డెన్‌కు అన్నం పెట్టి బయటికి వస్తున్నాడు. రాయి వచ్చి కణతకు తగిలింది. మెట్ల మీదే కూలబడిపోయాడు అక్కా. అది చూసి అందరం పారిపోయాం.

పోయిన యేడు నాకు జ్వరమొస్తే గంజి కాచి గదికి తెచ్చి ఇచ్చాడని రాశానే, ఆ బాబు మియానే. దవాఖానలో ఉన్నాడు. బతుకుతాడో లేదో ఎవరూ చెప్పడం లేదు. ఆయనకేమైనా అయితే పోలీసులు వస్తారు. నేను అక్కడ ఉన్నాను, అంతే. ఉన్నందుకే పేరు రాసుకున్నారు.

విచారణకు తండ్రి గానీ, తండ్రి స్థానంలో ఇంకో పెద్దమనిషి గానీ వెంట రావాలన్నారు. బాపును ఎట్లా తీసుకుపోను? బావను పంపించు, నీ కాళ్లు పట్టుకుంటాను. ఇది ఆఖరు సంవత్సరం. తప్పు నాదని తేలితే ఈ యూనివర్సిటీయే కాదు, ఏ కాలేజీ గడపా ఎక్కనివ్వరు. సైకిల్ గంట వినబడితే చాలు, టపా వాడేమోనని దొడ్లోకి పోతున్నాను. కడుపు ఖరాబైందా బిడ్డా అని అవ్వ అడుగుతోంది.

నీ తమ్ముడు,
రాయమల్లు


జైనూర్,
ఆగస్టు 30.

తమ్మీ రాయమల్లూ,

నువ్వు పుస్తకాల భాష రాస్తవు. నేను ఏడో తరగతి దాక చదివినదాన్ని, మాట్లాడినట్టే రాస్త. నవ్వినవంటే గీడికెళ్లే చెవు మెలివెడ్త.

నీ ఉత్తరం చదివినంక పిల్లకు అన్నం పెట్టుకుంట పెట్టుకుంట గట్లనే కూసున్న. గంత చదువు చదువుకుంట రాళ్లేసేటోళ్ల ఎంబడి ఎందుకు పోయినవురా? పురుగులుంటే ఏరేసుకోని తినరాదా? మనింట్ల బియ్యంల పురుగులు లేకుండెనా? మనం ఎవరింటి మీదికన్న పోయినమా?

మీ బావ రానన్నడు. కోపం చెయ్యకు. "తండ్రి బతికుండంగ నేను పోయి తండ్రి జాగల కూసుంటే నా నౌకరి ఊడుతది" అంటుండు. ఆయన సంగతి నీకెరుకే. పేరుకు ఫారెస్టు గార్డు, తొవ్వల పులి అడుగు కనవడితే నెల దాక గా దిక్కు పోడు. నేను ఏడ్చి చూసిన, అన్నం మానుకోని చూసిన, కదలలే.

ఒక్క ముచ్చట అడుగుత తమ్మీ. ఎవరో రాళ్లేసిండ్రు అని రాసినవు. గా ఎవరో ఎవరు? నువ్వైతే కాదు గద? కాదు అని ఒక్క మాట రాయి. నాకు నిద్ర వడ్తది.

మీ అక్క,
కిష్టవ్వ


సుల్తానాబాద్,
సెప్టెంబర్ 10.

అక్కా,

బావ రాడని తెలిసి ఏం చేయాలో తోచలేదు. ఇంకోసారి అడిగి చూడు. విచారణ వచ్చే నెల మొదట్లో.

వరంగల్ అబ్బాయి కార్డు రాశాడు. నాతోపాటు పంపేసినవాళ్లలో ఒకడు. అందరం ఒకే మాట మీద నిలబడాలట. వెనక నిలబడ్డాం, ఎవరు వేశారో చూడలేదు అనాలట. చూసినవాళ్లు ఎవరూ ముందుకు రాలేదు, కాబట్టి ఏమీ తేలదని వాడి ధైర్యం. బాబు మియా ప్రాణానికి భయం లేదట. ఒక కన్ను మాత్రం కనబడడం లేదట.

నిన్న మన అరుగు మీద కులం పంచాది కూర్చుంది. ఎవరో పక్కింటి వాళ్ల గొర్రెను అమ్ముకున్నాడని తగవు. నేను లోపల గదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను, ఒక్క అక్షరం ఎక్కలేదు. బాపు సంగతి నీకు తెలుసు కదా, కులపెద్దగా కూర్చున్నప్పుడు అరవడు. అతన్ని తువ్వాల మెడలో వేసుకుని ఎదురుగా కూర్చోమన్నాడు. "బయటోళ్లెవలు లేరు, మనకు మనమే ఉన్నం. చెప్పు" అన్నాడు. ఇక ఊరుకున్నాడు. ఆయన ఊరుకుంటే ఎట్లా ఉంటుందో చిన్నప్పుడు మనం చూసినదే. అతను కొంతసేపు చూసి ఒప్పుకున్నాడు. తప్పు వేశారు, ఆ జరిమానా కట్టుకుంటానన్నాడు, అక్కడే అందరూ కలిసి తిన్నారు. గొర్రె పోయినాయన కూడా అతని పక్కనే కూర్చుని తిన్నాడు. ఒప్పుకోకపోతే వెలి వేసేవాళ్లే, నిప్పూ నీళ్లూ పుట్టేవి కావు.

బాపు ఊరుకున్నంతసేపూ గోడ ఇవతల ఉన్న నన్నే అడుగుతున్నాడనిపించింది. బావను అడుగు అక్కా. మరిచిపోకు.

రాయమల్లు


జైనూర్,
సెప్టెంబర్ 21.

తమ్మీ,

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలే. ఉత్తరం అటు తిప్పి ఇటు తిప్పి చూసిన. గొర్రె ముచ్చట రాసినవు, వరంగల్ పోరని ముచ్చట రాసినవు, కాదు అన్న మాట ఏడ లేదు. నాకు సమజైంది.

అయ్యో రాయమల్లూ. గంజి కాచి పోసిన చెయ్యిరా అది. ఒక్క కన్నుతోటి గాయన ఇగ ఎవలింట్ల వంట చేస్తడు? ఏడ్చిన, తిట్టిన, మల్ల నా తమ్ముడే గదా అని ఏడ్చిన.

ఇప్పుడు నువ్వు నన్ను తిడ్తవు. తిట్టు. నేను బాపుకు కబురు పంపిన. ఇక్కడ కలప కొననీకి వచ్చిన ఇబ్రాహీం సాబ్ మనూరి మీదికెళ్లే పోతుండు. నీ కొడుక్కు చదువుకాడ ఆపదొచ్చింది, నువ్వే ఎంబడి పోవాలె అని గంతే చెప్పుమన్న. రాయి ముచ్చట చెప్పలే, అది నువ్వే చెప్పుకో. బాపు కాకుంటే మనకు ఇంకెవరున్నరురా? మీ బావను నమ్ముకుంటే అయ్యే పనేనా?

జర ధైర్యంగ ఉండు. నాకైతే ధైర్యం లేదు.

కిష్టవ్వ


సుల్తానాబాద్,
సెప్టెంబర్ 29.

అక్కా,

ఎంత పని చేశావు!

బాపు మడిలో కలుపు తీస్తున్నాడు. నేను సద్ది తీసుకుపోయాను. గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు, నన్నూ కూర్చోమన్నాడు.

"ఇబ్రాహీం సాబ్ వచ్చిపోయిండు. ఏందిరా ముచ్చట?"

"వార్డెన్ ఇంటి మీద రాళ్లేసిండ్రు బాపూ. ఒకాయనకు తగిలింది."

"ఏసిండ్రు సరే. నువ్వేసినవా?"

అని ఊరుకున్నాడు. ఈసారి నాకు గోడ అడ్డం లేదు. చెప్పేశాను. కిటికీకి గురిపెట్టి వేశాను, ఆయన బయటికి వస్తాడనుకోలేదు, రాయి చేతినుంచి పోతుండగానే ఆయన కనబడ్డాడు, ఆపలేకపోయాను. నీకు రాయని మాట బాపుకు చెప్పాను. ఇప్పుడు నీకూ చెప్పినట్టే.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. బురద చేతులు కాల్వలో కడుక్కుని వచ్చి "బతికిచ్చినవురా" అన్నాడు. "నేను ఏందో ఏమో అని పరేషానైన. ఒప్పుకున్నవు గద, ఇగ ఫికర్ లేదు. నీ ఎంబడి నేనొస్త. తప్పు కట్టి వద్దాం."

తప్పు కట్టి వద్దామట! అది మన అరుగు కాదని ఆయనకు ఎట్లా చెప్పను? అయినా చెప్పాను. అక్కడ ఒప్పుకుంటే కలుపుకోరు బాపూ, ఎల్లగొడతరు, నేను చూడలేదంటే వదిలేస్తరు అన్నాను. ఆయన నమ్మలేదు. "ఒప్పుకున్నోన్ని ఎల్లగొట్టేటోళ్లు ఏడనన్న ఉంటరారా? అంత చదువుకున్నోళ్లు మనకన్న కానోళ్లా?" అన్నాడు. చేతులు పట్టుకుని బతిమాలాను. చివరికి, "అడుగకుంటే మాట్లాడ. అడిగితే మాత్రం అబద్ధమాడ" అన్నాడు.

వాళ్లు ఆయన్ను అడగరులే. విచారణంతా ఇంగ్లీషులో జరుగుతుందట. ఆ ఒక్క ఆశతో పోతున్నాను.

రాయమల్లు


సుల్తానాబాద్,
అక్టోబర్ 8.

అక్కా,

అయిపోయింది. ఎట్లా అయిపోయిందో రాస్తాను.

పట్నంలో రైలు దిగగానే బాపు ముందు దవాఖానకు పోదామన్నాడు. వద్దన్నా వినలేదు. "దెబ్బ తిన్న మనిషిని చూడకుంట పంచాదికి పోతరా ఎవలన్న?" అన్నాడు. బాబు మియా మంచం మీద కూర్చుని ఉన్నాడు, కంటికి గుడ్డ కట్టి ఉంది. బాపు ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, "మా పోరడేసిండు సాబ్. తప్పయింది" అన్నాడు. బాబు మియా ఆ ఒక్క కంటితోనే నన్ను చూశాడు. "నువ్వా బేటా?" అన్నాడు. నేను తల ఎత్తలేదు. ఆయనే, "జానే దో పటేల్. పిలగాండ్లు. మాఫ్ చేసిన" అన్నాడు. బాపు సద్దిమూట విప్పాడు. ఇద్దరూ కలిసి తిన్నారు. నాకు ముద్ద దిగలేదు. బయటికి వచ్చాక బాపు నడక చూడాలి, పెళ్లికి పోతున్నట్టుంది.

విచారణ గదిలో పొడుగు బల్ల, అవతల పెద్దవాళ్లు. ఇంగ్లీషులో అడిగారు. వెనక నిలబడ్డాను, ఎవరు వేశారో చూడలేదు అని ఇంగ్లీషులోనే చెప్పాను. బాపు నా పక్కన కుర్చీ అంచున కూర్చుని నా వైపు చూస్తున్నాడు. నేను ఒప్పుకుంటున్నాననుకున్నాడు అక్కా! అర్థం కాకపోయినా, ప్రతి మాటకూ తల ఊపాడు.

సాక్ష్యం లేదు, మందలించి చేర్చుకుందాం అని వాళ్లలో పెద్దాయన పక్కాయనతో అన్నారు. నా చెవులతో విన్నాను. ఏడుపొచ్చినంత పనైంది. ఆయన లేవబోతూ, మర్యాద కోసం బాపు వైపు తిరిగి తెలుగులో, "మీరేమైనా చెబుతారా?" అన్నారు.

అడిగేశారు.

బాపు లేచాడు. భుజం మీది తువ్వాల తీసి మెడలో వేసుకున్నాడు. "మా వాడు చెప్పనే చెప్పిండు దొరా. రాయి వానిదే. నాకు గూడ ఒప్పుకున్నడు. దెబ్బ తిన్నాయన పొద్దుగాలనే మాఫ్ చేసిండు, ఇద్దరం కలిసి తిన్నం. మీరేం తప్పేస్తే అది కట్టుకుంట. మా పోరన్ని మల్ల చదువుల కలుపుకోండ్రి" అన్నాడు.

పెద్దాయన మళ్లీ కూర్చుని కలం మూత తీశారు.

బయటికి వచ్చాక బాపు నా వీపు మీద చెయ్యి వేశాడు. "చూసినవా? ఒక్కలు కోపం చెయ్యలే" అన్నాడు.

రాయమల్లు


జైనూర్,
అక్టోబర్ 19.

తమ్మీ,

చదివిన. మీ బావకు చదివి వినిపిచ్చిన. నేను కబురు పంపకుంటే బాపు రాకపోతుండె, ఈ మాట అనకపోతుండె. గదే నా మనసుల తిరుగుతుంది. నన్ను తిట్టుకుంట ఒక్క కార్డన్న రాయి, నువ్వు తిట్టకుంటే ఇంకింత భయమైతుంది.

వాళ్లేం చేసిండ్రో తెలవంగనే రాయి.

కిష్టవ్వ


సుల్తానాబాద్,
నవంబర్ 26.

అక్కా,

నిన్ను ఎందుకు తిట్టాలి? రాయి వేసింది నువ్వు కాదు.

ఉత్తర్వు వచ్చింది. యూనివర్సిటీ నుంచి తీసేశారు. ఇంకే కాలేజీలోనూ చేర్చుకోకూడదని కూడా ఉంది. మిగతా ముగ్గురినీ మందలించి చేర్చుకున్నారు. వాళ్లూ రాళ్లు వేసినవాళ్లే. బాబు మియా ఫిర్యాదు చేయనన్నాడు కాబట్టి పోలీసులు రారట.

బాపు పక్కనే నిలబడి, "ఏం తప్పేసిండ్రురా?" అని అడిగాడు. ఆ మొహం చూసి, ఒక యేడు రావద్దన్నారు బాపూ, తర్వాత కలుపుకుంటారట అన్నాను. "ఒక్క యేడేనా! నేను చెప్పలేదా, మంచోళ్లే" అన్నాడు. అవ్వను పిలిచి చెప్పాడు. సాయంత్రానికి వాడ వాడంతా తెలిసింది. ఇప్పుడు ఇద్దరం కలిసి పొలం పోతున్నాం. నేను గడ్డపార పట్టుకుంటే లాక్కుంటాడు. "కలం పట్టే చెయ్యి కాయలు కాస్తె ఎట్ల?" అంటాడు.

అక్కా, మొన్నటిదాకా నా తప్పు ఆయనకు తెలుస్తుందని భయపడ్డాను. ఇప్పుడు ఆయన మాటతోనే నా చదువు పోయిందని తెలుస్తుందేమోనని భయపడుతున్నాను. ఈ భయానికి ఆ భయం ఏ మూలకూ రాదు. ఊళ్లోకి చదువుకున్నవాడెవడొచ్చినా నేను బాపు పక్క వదలడం లేదు. యేడు తిరిగాక ఏం చెబుతానో నాకు తెలియదు. నువ్వు మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు.

రాయమల్లు


జైనూర్,
జనవరి 30, 1962.

తమ్మీ,

బాపు మొన్న మా ఇంటికి వచ్చిండు. పెద్దపల్లిల ఏదో పని ఉన్నదని మీకు చెప్పిండట. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్ల దిగి, బస్సు దొరకక, కెరిమెరి ఘాటు ఎడ్లబండి మీద ఎక్కి వచ్చిండు. మనుమరాలి కోసం వచ్చిన అన్నడు గని పిల్లను ఎత్తుకోలే. చలికి కుంపటికాడ కూసోని మీ బావ డ్యూటికి పోయేదాక చూసిండు.

ఆయనకు అంతా ఎరుకే రాయమల్లూ. సుల్తానాబాద్ బడి పంతులును అడిగిండట, యేడు దాటినంక మల్ల చేరాల్నంటే ఏ నెలల పోవాలె సార్ అని. గా సార్ నీ సంగతి పట్నంల విన్నడట, ఉన్నదున్నట్టు చెప్పిండు. ఇదంతా సంక్రాంతికి ముందటి ముచ్చటనట. అప్పటిసంది తెలిసే నీ ముంగట తెలవనట్టు తిరుగుతుండు. "వాడు నాకోసమని అబద్ధమాడుతుండు. వానికి తెలవనియ్యకు బిడ్డా" అని నాతోటి ఒట్టేయించుకున్నడు.

నువ్వొక ఒట్టు, ఆయనొక ఒట్టు. నేను మనిషినా, ఒట్లు దాచిపెట్టే సందుగనా? ఒక్కింట్ల ఉండుకుంట, ఒక్క మడిల పని చేసుకుంట, ఒకనికొకడు భయపడుకుంట! నాతోటి కాదు. అందుకే రాస్తున్న.

ఇంకొకటి ఉన్నది. పండుకునే ముందట అడిగిండు, "నేను గా పొద్దు నోరు మూస్కుంటే మన పోరడు చదువుతుండెనా బిడ్డా?" అని. కాదు అని చెప్పాలె అనుకున్న. ఆయన ఊకున్నడు. ఊకుంటే నాకు ఏ అబద్ధం రాలే. "అవు బాపూ, చదువుతుండె" అన్న.

ఏడువలే. నన్ను ఏమనలే. "దెబ్బ తిన్నోడు మాఫ్ చేసినంక, దెబ్బ తగలనోళ్లకు ఏం నొచ్చింది?" అని అడిగిండు. తెల్లారి లేచి చూస్తే లేడు. చాయ తాగలే, చెప్పిపోలే. నడుచుకుంట ఘాటు దిక్కు పోతుంటే చూసినమని మనుషులు చెప్పిండ్రు. మీ బావ స్టేషన్ దాక పోయి వచ్చిండు, కనవడలేదట.

ఇంటికి వచ్చిండా? నా పాణం కొట్టుకుంటుంది. ఉత్తరం అందంగనే రాయి.

కిష్టవ్వ


సుల్తానాబాద్,
ఫిబ్రవరి 9.

అక్కా,

బాపు వచ్చాడు. నీ ఉత్తరం కన్నా ముందే వచ్చాడు, కాళ్లు బొబ్బలెక్కి. అందుకే ముందుగా ఆ మాటే రాస్తున్నాను, ఊపిరి తీసుకో.

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం చేతికి వచ్చింది. చదివాక ఆయన ముందుకు పోవడానికి పొద్దుగూకేదాకా పట్టింది. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "అక్క రాసింది బాపూ" అన్నాను. "రాస్తదని ఎరుకే. దాని నోట్ల నువ్వుగింజ నానదు" అన్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

అప్పుడు మన వాడ దేవవ్వత్త వచ్చింది. పక్కవాళ్ల మడి నీళ్లు తన మడికి మలుపుకుందని ఆమె మీద తగవు, ఇవాళ పంచాది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బుచ్చన్నా, మలుపుకున్నది నిజమే. పైరు ఎండుతుంటే చూడబుద్ధి కాలే. చూసినోళ్లు ఎవలు లేరు. ఒప్పుకోవాల్నా, కాదనాల్నా?" అని బాపును మెల్లగా అడిగింది.

ఇట్లాంటి మాట అడిగితే బాపు ఆలోచించగా నేను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. నేలను చూస్తూ కూర్చున్నాడు. కాదనుమని చెబుతాడేమోనని నాకు భయమేసింది అక్కా. విచారణ గదిలో కూడా నాకు అంత భయం వేయలేదు. నా చదువు పోతే పోయింది, ఆ ఒక్క మాట ఆయన నోట వింటే నేను బతకలేననిపించింది. ఆయన ఏదైనా అనకముందే నేనే అన్నాను.

"ఒప్పుకో అత్తా."

దేవవ్వత్త నన్ను లెక్కచేయలేదు, బాపు వైపే చూస్తోంది. బాపు నా వైపు తిరిగాడు. పట్నం నుంచి వచ్చిన తర్వాత ఆయన నన్ను అట్లా నిండుగా చూడడం అదే మొదటిసారి. ఆమెతో, "పోరడు చెప్పిండు గద. ఒప్పుకో చెల్లె. నేనుంట" అన్నాడు.

ఆమె పోయాక తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. నేను కూడా ఏడ్చాను, దాచుకోలేదు. పంచాదిలో ఆయన పక్కన కూర్చోమని నాకు చెప్పాడు. జనం వస్తున్నారు, చాపలు వేయాలి. ఇంతటితో ఆపుతున్నాను.

నీ తమ్ముడు,
రాయమల్లు